గ్యామట్ అనే ఇంగ్లిష్ మాట మన ‘గ్రామం’ నుంచి వెళ్లిందా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఇంగ్లిష్ పత్రికలో ఒక నటి గురించిన వ్యాసంలో ఆమె నటన భావోద్వేగాల ‘గ్యామట్’ అంతటినీ తాకిందని చదివారు. ఆ వారమే కొన్న టీవీ పెట్టె మీద ‘వైడ్ కలర్ గ్యామట్’ అని ఉంది. చిన్నప్పుడు మీకు గాత్రం చెప్పిన మాస్టారేమో ఇది మన సంగీతశాస్త్రంలో స్వరాల సమూహాలకు పేర్లైన షడ్జగ్రామ, మధ్యమగ్రామాలలోని ‘గ్రామ’ శబ్దమేనని, అదే పడమటికి వెళ్లి రూపం మార్చుకుందని చెప్పారు. మాటకు అసలు అర్థం ఏమిటి, మాస్టారు చెప్పింది నిజమేనా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే, గ్యామట్ అంటే ఒక అంచు నుంచి మరో అంచు వరకు ఉన్న మొత్తం పరిధి. అది ‘గామా’, ‘ఉత్’ అనే రెండు మాటలు కలిసి ఏర్పడింది. గామా గ్రీకు అక్షరం, ఉత్ ఒక లాటిన్ స్తోత్రంలోని మొదటి మాట. సంస్కృతంలోని గ్రామ శబ్దంతో దానికి చుట్టరికం లేదు.

నేను ఇరవై రెండేళ్లుగా హైదరాబాదులో వయొలిన్ నేర్పుతున్నాను. కర్ణాటక బాణీతో పాటు, పాశ్చాత్య సంగీత పరీక్షలకు కూర్చునే పిల్లలకు ఆ సిద్ధాంతం కూడా చెబుతాను. ముందే ఒప్పుకోవలసిన విషయం ఒకటుంది. మొదటి ఐదారేళ్లు నేను ఇంకా పెద్ద పొరపాటే చెప్పాను. గ్యామట్ మన ‘గమకం’ నుంచి పుట్టిందని ధీమాగా బోధించాను. ఒక పదో తరగతి అమ్మాయి, “గమకం స్వరాన్ని కదిలించడం కదండీ, ఇది పరిధి కదా, రెండింటికీ పొత్తు ఎలా కుదిరింది?” అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ తరువాతే ఈ మాట వెనుక పడ్డాను. కాబట్టి మీ మాస్టారిని తప్పుపట్టే అర్హత నాకు బొత్తిగా లేదు.

మాట పుట్టిన చోటు మధ్యయుగపు ఇటలీ. 11వ శతాబ్దపు తొలి దశకాలలో అరెజ్జో పట్టణంలో గీదో అనే క్రైస్తవ సన్యాసి ఉండేవాడు. చర్చిలో పాడే పిల్లలకు పాటలు నేర్పడం ఆయన పని. ఆ కాలంలో పాట అంతా గురువు నోట విని కంఠస్థం చేయవలసిందే. పదేళ్లు నేర్చినా గాయకుడికి విద్య అరకొరగానే అబ్బుతోందని, తన పద్ధతిలో ఏడాదిలో, మహా అయితే రెండేళ్లలో గాయకుణ్ణి తయారు చేయవచ్చునని ఆయన మిత్రుడికి రాసిన లేఖలో చెప్పుకున్నాడు. మన గురుకులాల సంగతి తెలిసినవారికి ఆ బాధ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఆయన పట్టుకున్న చిట్కా ఒక స్తోత్రం. బాప్తిస్మమిచ్చు యోహానును స్తుతించే ఆ పాటలో ఒక్కో చరణభాగం అంతకు ముందు దాని కంటే ఒక స్వరం పైన మొదలవుతుంది. ‘ఉత్ క్వేయాంత్ లాక్సిస్, రెసొనారే ఫిబ్రిస్, మీరా గెస్తోరుమ్, ఫాములీ తువోరుమ్, సోల్వే పొల్లూతి, లాబియీ రెయాతుమ్’ అని సాగుతుంది. మొదటి అక్షరాలు ఏరితే ఉత్, రె, మి, ఫా, సోల్, లా వస్తాయి. పిల్లవాడికి ఆ పాట వస్తే చాలు, ఏ స్వరం కావాలంటే దానికి తగిన భాగాన్ని మనసులో అనుకుని పట్టుకోగలడు. ఆరు స్వరాలే ఉన్నాయి, ఏడోది లేదు. ఏడోదైన ‘సి’ని (Si, ఇంగ్లిష్ అక్షరం C కాదు) శతాబ్దాల తరువాత చేర్చారు. పాడడానికి అనువుగా లేదని ఇటలీవారు 17వ శతాబ్దంలో ‘ఉత్’ను ‘దో’గా మార్చారు. ఫ్రెంచివారు శాస్త్ర పరిభాషలో కొన్నిచోట్ల ఇప్పటికీ ఉత్ అంటారు.

ఇది మాటలో రెండో సగం. మొదటి సగం ఇంతకంటే పాతది. అప్పటికే స్వరాలకు ఎ, బి, సి అంటూ జి వరకు ఏడు లాటిన్ అక్షరాలను పేర్లుగా వాడుతున్నారు. అన్నింటికంటే కింది స్వరం ఎ. దాని కింద ఇంకొక స్వరం అవసరమైంది. వరుస ప్రకారం అది జి కావాలి, కానీ పైన ఇంకో జి ఉండనే ఉంది. రెండూ కలగాపులగం కాకుండా కింది దానికి గ్రీకు జి అక్షరాన్ని, అంటే గామాను పెట్టారు. గీదో తన ‘మిక్రోలోగస్’ గ్రంథంలో స్వరాల పట్టిక చెబుతూ, మొదట గ్రీకు గామాను ఉంచాలని, దానిని ‘ఆధునికులు’ చేర్చారని స్పష్టంగా రాశాడు. వెయ్యేళ్ల కిందటి మనిషి తన కాలపువారిని ఆధునికులని పిలవడం చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

ఆ గామా ఎంత కీలకమో ఆయన చెప్పిన కొలతలోనే కనిపిస్తుంది. ఒకే తీగ ఉన్న పలక తీసుకోమంటాడు. తీగ మొత్తం పలికే స్వరం గామా. ఆ తీగ పొడవును తొమ్మిది భాగాలు చేసి, మొదటి భాగం ముగిసే చోట ఎ గుర్తు పెట్టమంటాడు. నేను దీనిని పిల్లలకు చేసి చూపిస్తాను. చెక్క మీద 90 సెంటీమీటర్ల తీగ బిగించి ఒకసారి మీటాలి. తరువాత 10 సెంటీమీటర్ల దగ్గర కింద చిన్న గుర్రం పెట్టి మిగిలిన 80 సెంటీమీటర్లను మీటాలి. స నుంచి చతుశ్శ్రుతి రి కి వెళ్లినట్లు సరిగ్గా ఒక మెట్టు పైకి వినిపిస్తుంది. తక్కిన స్వరాలన్నీ ఈ మొదటి తీగ నుంచి ఒకదాని మీద ఒకటి కొలుచుకుంటూ వస్తాయి. అంటే గామా వరుసలో అట్టడుగున ఉండడమే కాదు, మిగిలినవన్నీ దాని భుజాల మీదే నిలుచున్నాయి.

ఇప్పుడు రెండు సగాలు ఎలా కలిశాయో చూద్దాం. గీదో తరువాతి ఉపాధ్యాయులు ఉత్ నుంచి లా వరకు ఉన్న ఆరు స్వరాల వరుసను సి మీద, ఎఫ్ మీద, జి మీద కూడా మొదలుపెట్టి పాడించారు. అందువల్ల ఒకే స్వరానికి ఒకటి కంటే ఎక్కువ పేర్లు వచ్చాయి. సి తన వరుసలో ఉత్, జి తో మొదలయ్యే వరుసలో ఫా. కాబట్టి దాని పూర్తి పేరు ‘సి ఫా ఉత్’. ఇది మనకు కొత్త కాదు. జి ని షడ్జంగా పెట్టుకుంటే సి మనకు శుద్ధ మధ్యమం అవుతుంది, సి నే శ్రుతిగా పెట్టుకుంటే అదే స అవుతుంది. గ్రహభేదం, అంటే వరుసలోని వేరే స్వరాన్ని స గా పెట్టుకోవడం, తెలిసినవారికి ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. ఈ పద్ధతిలో అట్టడుగు స్వరం కింద మరో వరుస లేదు కనుక దానికి ఉత్ తప్ప ఇంకో పేరు పొసగదు. అక్షరం గామా, స్థానం ఉత్, వెరసి ‘గామా ఉత్’. నోట నలిగి నలిగి ఇంగ్లిష్‌లో అది గ్యామట్ అయింది.

మీ ఇంట్లో 61 కీల కీబోర్డు ఉంటే ఎడమ నుంచి ఐదో తెల్ల కీ నొక్కండి. ఇప్పటి కొలతలో అదే గామా ఉత్. అక్కడి నుంచి ఇరవై తెల్ల కీలు లెక్కపెట్టుకుంటూ వెళితే ఇరవయ్యోది పై ఇ. అదే ఆనాటి పరిధికి పై అంచు, పేరు ‘ఇ లా’. ఆ రోజులలో స్వరాల ఎత్తు ఇప్పటిలా ఒకేచోట స్థిరపడి లేదు కాబట్టి కచ్చితమైన శ్రుతిగా కాక, దూరాల లెక్కగానే దీనిని తీసుకోవాలి. ఈ ఇరవై స్థానాలనూ ఎడమచేతి వేళ్ల మీద గుర్తుంచుకునేవారు. బొటనవేలి కొస గామా ఉత్. అక్కడి నుంచి కిందికి దిగి, వేళ్ల మొదళ్ల మీదుగా చిటికెన వేలికి వెళ్లి, చుట్టుకుంటూ వచ్చి మధ్యవేలి కొసకు పైన ఇ లా దగ్గర ముగుస్తుంది. జపం చేసేవారు వేలి కణుపుల మీద లెక్కపెట్టుకోవడం చూసినవారికి ఈ పద్ధతి వింతగా తోచదు. దీనికి గీదో చెయ్యి అని పేరున్నా, ఆయన రాసిన గ్రంథాలలో ఆ బొమ్మ లేదు.

ఇక గ్రామ శబ్దం సంగతి. మీ మాస్టారి మాట గాలిలోంచి ఊడిపడింది కాదు. 19వ శతాబ్దపు జర్మన్ సంస్కృత పండితుడు ఆల్బ్రెఖ్త్ వెబర్ ఇలాంటి ఊహే చేశాడు. మన సరిగమలు పారశీకుల ద్వారా, అరబ్బుల ద్వారా ఐరోపా చేరాయని, సంస్కృత ‘గ్రామ’, ప్రాకృత ‘గామ’ శబ్దమే గామా అయి ఉండవచ్చునని ఆయన భావించాడు. అంత పెద్ద పండితుడు అన్నాక ఆ మాట మన సంగీత పుస్తకాలలోకి, అక్కడి నుంచి తరగతి గదులలోకి వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. పైగా గ్రామం అంటే మన శాస్త్రంలోనూ స్వరాల సమూహమే. షడ్జగ్రామంలో స్వరాల మధ్య శ్రుతులు, అంటే స్వరాల దూరాన్ని కొలిచే చిన్న మెట్లు, 4, 3, 2, 4, 4, 3, 2 గా ఉంటాయని, మధ్యమగ్రామంలో పంచమం ఒక శ్రుతి తగ్గుతుందని భరతుడి నాట్యశాస్త్రం చెబుతుంది. అర్థం కలిసింది, ధ్వనీ కలిసింది. ఇంకేం కావాలి అనిపిస్తుంది.

అయినా నేను దానిని ఒప్పుకోకపోవడానికి కారణాలున్నాయి. మొదటిది, ఆ స్వరాన్ని పాత రాతప్రతులలో గ్రీకు అక్షరంతోనే గుర్తించారు, అది గ్రీకు అక్షరమని గీదో పేరుపెట్టి మరీ చెప్పాడు. రెండోది నాకు మరింత బలంగా తోస్తుంది. గామా ఉత్ ఒంటరి మాట కాదు. దాని పైన ‘ఎ రె’, ‘బి మి’, ‘సి ఫా ఉత్’, ‘డి సోల్ రె’ అంటూ వరుస అంతా ఒకే అచ్చులో పోసినట్లు ఉంది. గ్యామట్‌లోని గామా గ్రామ శబ్దమైతే మరి ఎ, బి, సి లు ఏ సంస్కృత శబ్దాలు? వరుసలోంచి ఒక్కదానిని మాత్రం పెరికి దానికి వేరే పుట్టుక కల్పించడం పొసగదు. ఇక గ్రామ శబ్దంలో ‘ఉత్’ ఎక్కడి నుంచి వచ్చి చేరిందన్న ప్రశ్నకు ఆ ఊహలో అసలు జవాబే లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గ్యామట్ మనది కాదన్నంత మాత్రాన మన సరిగమలు తరువాతివని కాదు. తమిళనాడులోని పుదుక్కోట దగ్గర కుడుమియాన్‌మలైలో రాతి మీద చెక్కిన సంగీత శాసనంలో స్వరాక్షరాలు వరుసలు కట్టి ఉన్నాయి. ఆ శాసనం గీదో కంటే మూడు శతాబ్దాలకు పైగా ముందుది. షడ్జం, ఋషభం, గాంధారం అన్న పేర్లలోని తొలి అక్షరాలు తీసి స, రి, గ అనడం మనవాళ్లు అంతకు ముందే చేశారు. కానీ ముందు ఉండడం వేరు, మూలం కావడం వేరు. రెండో స్వరం మనకు రి, వాళ్లకు రె అని చాలామంది చూపిస్తారు. వాళ్ల రె ‘రెసొనారే’ అన్న మాటలోంచి వచ్చిందని పైన పాటలో చూశాం, మన రి ఋషభంలోనిది. పొడి అక్షరాలతో స్వరాలు పలకాలన్న అవసరం ఇద్దరికీ వచ్చింది, ఇద్దరూ తమ ఇంట్లో దొరికిన మాటలే వాడుకున్నారు.

అట్టడుగు స్వరం పేరు మొత్తానికి పేరెలా అయింది? దీనికి తెలుగువాళ్లం దూరం వెళ్లనక్కరలేదు. వీధిబడిలో అక్షరాభ్యాసం నాడు ‘ఓం నమః శివాయ’ అని దిద్దించేవారు. ఆ మొదటి మూడు అక్షరాలే ‘ఓనమాలు’ అయి మొత్తం అక్షరమాలకు పేరుగా నిలిచాయి. సరిగమలు అన్నా అంతే. నాలుగు స్వరాలు పలికి ఏడింటినీ ఉద్దేశిస్తాం. గామా ఉత్ కూడా అలాగే, మొదట కింది స్వరం, ఆ తరువాత దానితో మొదలయ్యే వరుస అంతా అయింది.

ఈ రెండు అర్థాలూ ఒకేచోట కనిపించే దృశ్యం ఒకటి షేక్‌స్పియర్ ‘ద టేమింగ్ ఆఫ్ ద ష్రూ’ నాటకం మూడో అంకంలో ఉంది. సంగీతం మాస్టారి వేషంలో వచ్చిన హోర్టెన్షియో, బియాంకాకు గ్యామట్ చెబుతానంటాడు. తాను గ్యామట్ ఎప్పుడో దాటేశానని ఆమె అంటుంది. మన పిల్లలు “సరళీ స్వరాలు ఎప్పుడో అయిపోయాయండీ” అన్నట్లే ఉంటుంది ఆ మాట. అయినా వదలకుండా అతను చేతికిచ్చిన కాగితంలో స్వరాల పేర్ల వెంట ప్రేమలేఖ ఉంటుంది. దాని మొదటి పాదంలో గ్యామట్ తనను తాను సమస్త స్వరమైత్రికి పునాదిగా చెప్పుకుంటుంది. గీదో తీగ మీద కొలిచి చూపింది అదే కదా. అక్కడ గ్యామట్ పాఠం పేరు, అడుగు స్వరం పేరు కూడా. 17వ శతాబ్దానికి ఇది సంగీతం గడప దాటి, దేనికైనా ఉన్న పూర్తి విస్తృతికి మాటయింది. మన ఓనమాలు మాత్రం ఆ దారిన పోలేదు. ‘వాడికి లెక్కల్లో ఓనమాలు రావు’ అంటే మొదలే తెలియదని అర్థం, విస్తృతి తెలియదని కాదు.

వాడుకలో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. గ్యామట్‌కు రెండు అంచులుంటాయి. కింద గామా ఉత్, పైన ఇ లా. మితిమీరిన గొప్పలు పోయేవారిని ‘ఇ లా దాటి పాడుతున్నాడు’ అనే అర్థంలో ఎద్దేవా చేయడం ఒకప్పటి ఇంగ్లిష్‌లో ఉండేది. ఈ పట్టికలో లేని స్వరాలు, ఉదాహరణకు ఎఫ్ షార్ప్ వంటివి, పాటలో పడవలసి వస్తే వాటిని ‘చేతికి వెలుపలివి’ అనేవారు, కల్పిత సంగీతం అని కూడా అనేవారు. మన భాషాంగ రాగాలలో అన్యస్వరం లాంటి స్థితి అది. కాంభోజి రాగంలో కాకలి నిషాదం తళుక్కున మెరిసి వెళ్లినప్పుడు రాగానికి అందమే వస్తుంది, కానీ ఆ స్వరం మేళానికి, అంటే రాగం పుట్టిన మూల స్వరవరుసకు, చెందినది కాదని అందరికీ తెలుసు.

మీ టీవీ పెట్టె మీది మాటకు అర్థం సరిగ్గా ఇక్కడే ఉంది. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు కాంతులను కలిపి రంగులు పుట్టిస్తుంది. కంటికి కనిపించే రంగులన్నింటి పటం మీద ఆ మూడింటినీ మూడు చుక్కలుగా పెట్టి గీతలు కలిపితే ఒక త్రిభుజం వస్తుంది. ఆ త్రిభుజమే ఆ తెర గ్యామట్. దాని లోపలి రంగులు తెర చూపగలదు, బయటివి చూపలేదు. సాధారణ కంప్యూటర్ తెరలు అనుసరించే ఎస్ఆర్‌జిబి త్రిభుజం చిన్నది. డిజిటల్ సినిమా కోసం ఏర్పరచిన డిసిఐ-పి3 త్రిభుజం దాని కంటే పెద్దది. వైడ్ అన్నది అలాంటి పెద్ద త్రిభుజం గురించే. తెర సైజుతో గాని, స్పష్టతతో గాని దానికి నిమిత్తం లేదు.

నా శిష్యులలో ఒకరి తండ్రికి అచ్చు యంత్రాలున్నాయి. ఒకసారి పెళ్లివారు శుభలేఖకు ఫోన్‌లో రామచిలుక పచ్చ చూపించి అదే కావాలన్నారట. కంప్యూటర్‌లో ఆ రంగు పక్కన ‘అవుట్ ఆఫ్ గ్యామట్’ అన్న హెచ్చరిక వచ్చింది. అచ్చు సిరాలు ఎంత కలిపినా ఆ పచ్చ రాదని దాని భావం. ఆయన నాకు ఫోన్ చేసి, “మీ సంగీతం మాట మా ప్రెస్సులోకి ఎందుకు వచ్చిందండీ?” అని అడిగారు. చేతికి వెలుపలి స్వరం కథ చెప్పాను. పెళ్లివారికి చివరకు కొంచెం మందమైన పచ్చతోనే లేఖలు అచ్చయ్యాయి.

వాడేటప్పుడు గుర్తుంచుకోవలసినవి రెండు మూడు చెబుతాను. ‘రన్ ద గాంట్లెట్’ అన్న పలుకుబడి ‘రన్ ద గ్యామట్’ (ఒక కొస నుంచి మరో కొస దాకా అంతా తాకడం) లాగే వినిపించినా, దానికీ దీనికీ పోలిక ధ్వనిలో మాత్రమే. అది రెండు వరుసల మనుషుల మధ్య దెబ్బలు తింటూ పరుగెత్తే పాత శిక్ష నుంచి, స్వీడిష్ మాట నుంచి వచ్చింది. నటి భావోద్వేగాల గాంట్లెట్ పరుగెత్తిందని రాస్తే పాపం ఆమెను కొట్టించినట్లే. అలాగే ఇప్పటి సంగీతజ్ఞులు తమ రోజువారీ పనిలో గ్యామట్ అనే మాటను దాదాపు వాడరు. స్వరాల వరుసకు స్కేల్ అని, గొంతు లేదా వాద్యం అందుకునే విస్తృతికి రేంజ్ అని, కంపాస్ అని అంటారు. నా విద్యార్థి ఒకడు సిద్ధాంత పరీక్షలో వయొలిన్ రేంజ్ రాయవలసిన చోట గ్యామట్ అని రాసి మార్కు పోగొట్టుకున్నాడు. ఆ తప్పులో సగం నాదే, ఆ వారమంతా తరగతిలో ఈ కథే చెప్పాను మరి. ఇంకొకటి, పొంతన లేని నాలుగు వస్తువుల జాబితాను గ్యామట్ అనకూడదు. ఒక కొస నుంచి ఇంకో కొసకు మెట్టు మెట్టుగా వెళ్లే వరుస ఉన్నప్పుడే ఆ మాట అతుకుతుంది.

మీరు చదివిన వాక్యాన్ని తెలుగులో పెట్టవలసి వస్తే ‘ఆమె నవరసాలూ పలికించింది’ అంటే చాలునని నా అభిప్రాయం. వ్యాసంలో ఫలానా భావం నుంచి ఫలానా భావం వరకు అని రెండు కొసలూ చెప్పి ఉంటే మాత్రం నవరసాలను పక్కన పెట్టి, ‘చిరుకోపం మొదలు గుండె పగిలే ఏడుపు దాకా’ అన్నట్లుగా ఆ రెండు కొసలనే పట్టుకుని రాయండి.